మూడేళ్ల పిల్ల సర్కారుకిచ్చిన అప్పు

వాసుదేవ నాయుడి ఇంట్లో చిత్తు కాగితం అనే వస్తువు లేదు. కరెంటు బిల్లులు ఒక దారానికి గుచ్చి ఉంటాయి, మందుల అంగడి రసీదులు మరొక దారానికి. తిరుత్తణి నుంచి తిరువళ్లూరుకు ఆయన చేసిన రైలు ప్రయాణాల టిక్కెట్లకు ఒక బిస్కట్ల డబ్బా ఉంది. అడిగినవారికి ఆయన చెప్పే సమాధానం ఒక్కటే: కాగితం పారేసినవాడు మాట కూడా పారేస్తాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కోపం ఉంటుంది. నిజానికి ఆయన ఏ మాట అన్నా అందులో కొంచెం కోపం ఉంటుంది. ఈ లోకంలో సవ్యంగా లేనివి అన్ని ఉండగా చల్లగా మాట్లాడడం ఒక రకమైన అబద్ధమని ఆయన నమ్మకం.

తిరుత్తణి నుంచి నగరి పోయే దోవలో ఉన్న వేమాపురంలో ఆయన శాఖా గ్రంథాలయానికి అధికారిగా పనిచేశాడు. అధికారి, గుమాస్తా, ఊడ్చే మనిషి అన్నీ ఆయనే. విజయనగరం రాయల కాలంలో ఇటు వచ్చి నేల దున్నుకున్న కుటుంబాలలో ఆయనది ఒకటి. ఊళ్లో ముసలివారు తెలుగు చదువుతారు, పడుచువారు తమిళం చదువుతారు, పిల్లలు ఫోను చదువుతారు. తెలుగు పుస్తకాల బీరువాను కిటికీ కింద వాన జల్లు పడే చోటుకు జరపమని పైనుంచి ఉత్తరం వస్తే, జరపనని జవాబు రాసి, ఆ జవాబుకు నకలు తీసి ఉంచుకున్నాడు. బీరువా జరగలేదు.

ఉద్యోగమంతా ఆయన చేసింది ఎరువివ్వడమే. పుస్తకం ఇవ్వడం, తిరిగి రాకపోతే తీసుకున్నవాడి ఇంటికి పోయి నిలబడడం. అలా తిరిగివ్వనివారిలో ఒక పంచాయతీ ప్రెసిడెంటు, ఇద్దరు హెడ్మాస్టర్లు, ఒక సన్యాసి ఉన్నారు. అందుకే వార్తాపత్రికలో ప్రభుత్వ రుణపత్రాల ప్రకటన మొదటిసారి పూర్తిగా చదివిన రోజున ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రోడ్లకూ రైళ్లకూ డబ్బు చాలక ప్రభుత్వం జనం దగ్గర అప్పు చేస్తోంది, సరే. కానీ ఎప్పుడు తిరిగి ఇచ్చేదీ తానే ముందుగా చెబుతోంది, నడుమ వడ్డీ తానే పంపుతానంటోంది, సంతకం పెట్టి కాగితం చేతికిస్తోంది.

"చూసినావా చంద్రా," అన్నాడు భార్యతో. "మన తాతలు రాజులకు కప్పం కట్టినారు, దొరలకు శిస్తు కట్టినారు. ఎవుడన్నా మనకు తిరిగిచ్చినాడా? ఇప్పుడు సర్కారే మన గడప కాడికొచ్చి అప్పడుగుతా ఉంది."

"అడిగితే ఇచ్చేదానికి మన కాడ ఏముంది?" అంది చంద్రావతి, చింతపండు పిసుకుతూ.

ఉన్నదొకటే. అది చెల్లెలి బిడ్డ చెవులు కుట్టే పండుగ కోసం దాచిన డబ్బు.

చెల్లెలు కాంచన ఆయనకంటే పద్దెనిమిదేళ్లు చిన్నది. ఆమెకు నడక రాకముందే తల్లి పోతే అన్నే భుజాన వేసుకుని పెంచాడు. జడలు వేయడం కూడా నేర్చుకున్నాడు, వంకరగానే అయినా. ఆమెను తిరువళ్లూరు పక్కన మణవాళనగర్‌లో పైపులూ కుళాయిలూ అమ్మే నటరాజ్‌కు ఇచ్చి పెళ్లి చేశాడు. పెళ్లయి చాలా ఏళ్లకు, తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోగా ఆడబిడ్డ పుట్టింది. పేరు యశశ్విని. మూడో ఏట, రెండువేల పదహారులో, తమిళుల ఆవణి మాసంలో, అంటే ఆగస్టు సగం దాటాక, కొండ మీద గుండు కొట్టించి చెవులు కుట్టించాలని నిర్ణయించారు. ఆ వేడుకలో బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామ, తమిళంలో తాయ్‌మామ. కమ్మలు తెచ్చేది మేనమామ. సీరు, అంటే పుట్టింటి వరుస కానుక, పళ్లెంలో పెట్టి నలుగురి ముందు మోసుకు రావలసింది మేనమామ. నటరాజ్ తల్లి తాయమ్మ మూడు సవరన్ల గొలుసుకు తక్కువ కాకూడదని ముందే కబురంపింది.

మూడు సవరన్లు అంటే ఇరవై నాలుగు గ్రాములు. అంత డబ్బూ వాసుదేవ నాయుడి దగ్గర ఉంది. కానీ నగల అంగడిలో కూలి ఇంత, తరుగు ఇంత అని చెప్పగానే ఆయన ఒళ్లు మండింది. చేతికి రాని బంగారానికి డబ్బెందుకు కట్టాలి? సరిగ్గా అదే నెలల్లో ప్రభుత్వం బంగారు బాండ్లు అమ్ముతోంది. అది బంగారం కాదు, బంగారం ధర మీద అప్పు. నేటి ధరకు ఇన్ని గ్రాములకని డబ్బు కడితే, ఎనిమిదేళ్ల తర్వాత అన్ని గ్రాములకు అప్పటి ధర కట్టి ఇస్తారు. నడుమ ఆరునెలలకొకసారి వడ్డీ. కూలి లేదు, తరుగు లేదు, దొంగ భయం లేదు. చెవులకు సన్నని కమ్మలు ఒక జత కొని, మిగతాదంతా బిడ్డ పేర బాండు కొందామని ఆయన తీర్మానించాడు.

బిడ్డ మైనరు గనుక తల్లి సంతకం కావాలి. పుట్టింటికి వచ్చిన కాంచనను బ్యాంకుకు తీసుకుపోయి, బిడ్డ పేర ఖాతా తెరిపించి, ఫారం ముందు పెట్టాడు.

"ఏందన్నా ఇది?"

"బిడ్డకు."

"సరే," అని కాంచన సంతకం పెట్టింది. అన్న పెట్టమన్న చోట పెట్టడం తప్ప ఆమెకు చిన్ననాటి నుంచీ వేరే అలవాటు లేదు.

పండుగ రోజున కొండ దిగువ సత్రంలో జనం కిటకిటలాడారు. ఆ ప్రాంతంలో కానుకలు మౌనంగా ఇచ్చేవి కావు. మొయి, అంటే చదివింపులు, రాసేవాడు బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఎవరు ఏమిచ్చారో పుస్తకంలో రాసుకుని, మైకులో ఊరంతా వినేలా చదువుతాడు. రేపు వాళ్లింట్లో వేడుక జరిగితే అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్నది కుప్పుస్వామి. వాసుదేవ నాయుడు తాంబూలం, పసుపు కొమ్ముల నడుమ బాండు పెట్టిన పళ్లెం అతని ముందు దించాడు. కాగితం నాలుగు మూలలా శుభానికి పసుపు కూడా రాసి తెచ్చాడు.

"ఏం సామీ, రొక్కమా, నగా?"

"రెండూ కాదు. మూడు సవరన్ల బంగారు బాండు."

"తూకం యాడ?"

"తూకం ఉండదు. భారత ప్రభుత్వం పూచీ ఉంది."

"పూచీని నేను యాడ రాసేది? నా పుస్తకంలో ఉండేది రెండే గళ్లు. ఎనక జనం తోస్తా ఉండారు, బిరీన చెప్పండ."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ప్రభుత్వ రుణం, ఎనిమిదేళ్లు, వడ్డీ. కుప్పుస్వామి రెండు నిమిషాలు ఓపిక పట్టి, మైకు అందుకుని, తనకు అర్థమైనంతవరకు చదివేశాడు:

"తాయ్‌మామ వాసుదేవ నాయుడు, వేమాపురం! కమ్మలు ఒక జత! కాగితం ఒకటి!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. తాయమ్మ నిండు సభలో గొంతెత్తింది: "ఏం నాయుడా, కాగితాన్ని బిడ్డ మెడకు కట్టేదానికి దారం కూడా తెచ్చినావా, మేమే కొనాల్నా?"

అక్కడితో ఊరుకుని ఉంటే నవ్వు నవ్వుగానే పోయేది. కానీ వాసుదేవ నాయుడు ఊరుకునే మనిషి కాడు. మైకు లాక్కుని, తరుగు పేరిట జరిగే దోపిడీ గురించి, దేశం అప్పు ఎందుకు చేస్తుందన్న దాని గురించి, మాటకూ సంతకానికీ ఉన్న సంబంధం గురించి, అన్నం చల్లారిపోతోందని వంటవాళ్లు సైగలు చేసేదాకా ప్రసంగించాడు. చివరికి, "ఈ పొద్దు నుంచి ఈ బిడ్డ భారత ప్రభుత్వానికి అప్పిచ్చిన మనిషి! గుర్తుపెట్టుకోండి!" అన్నాడు. జనం కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతూ చప్పట్లు కొట్టారు. గుండు మీద గంధంతో ఒళ్లో కూర్చున్న యశశ్విని కూడా చప్పట్లు కొట్టింది.

కాంచన మాత్రం నవ్వలేదు. వంటసాల వెనక అన్నను నిలబెట్టి అంది: "బంగారం లేకపోయినా నేనేమీ అనుకుందును కాదు. నలుగురూ నవ్వేటట్ల చేస్తివే. దానికి సంతకం కూడా నా చేత్తోనే పెట్టిస్తివే. మళ్లా నేను పిలిచేదాకా నా గడప తొక్కొద్దన్నా."

"నువ్వు పిలిచేదాకా నేను రాను," అన్నాడు ఆయన.

ఒకే ఇంట పెరిగిన మొండితనం రెండు ఊళ్లకు పంచుకుపోయింది.

*

దీపావళికి వాసుదేవ నాయుడు ఒక మనిషి చేత చీర పంపించాడు. కాంచన చీర ఉంచుకుని మనిషిని మాటైనా లేకుండా పంపేసింది. "చీర తిరగ్గొట్టలేదు గదా, కోపం సగమే," అని చంద్రావతి లెక్క తేల్చింది. మిగతా సగం ఎప్పుడు తగ్గుతుందా అని ఆయన ఎదురుచూశాడు. తగ్గేది కాస్తా ఆయనే మళ్లీ పెంచాడు.

రెండువేల పంతొమ్మిదిలో ఆయన కొడుకు హర్షవర్ధన్ పెళ్లి కుదిరింది. దగ్గరి చుట్టాలకు పత్రిక ఇవ్వాలంటే భార్యాభర్తలిద్దరూ ఇంటికి పోయి, కుంకుమ పెట్టి, తాంబూలంతో చేతికివ్వాలి. కాంచన గడప తొక్కకూడదు గనుక ఆయన ఆలోచించి ఆలోచించి ఒక మార్గం కనిపెట్టాడు. పెళ్లి పత్రికను రిజిస్టరు పోస్టులో పంపాడు. పిలవలేదని రేపు ఎవరూ అనకుండా, అందినట్టు సంతకం పెట్టే కార్డు కూడా జత చేశాడు.

"సొంత చెల్లెలికి రిజిస్టరు పోస్టా? కోర్టు నోటీసు మాదిరిగానా?" అని చంద్రావతి నోట చేయి వేసుకుంది, కానీ కవరు అప్పటికే పోస్టాఫీసు దాటిపోయింది.

కార్డు మీద కాంచన సంతకం వచ్చింది. కాంచన రాలేదు. నటరాజ్ ఒక్కడే వచ్చాడు. భోజనం చేసి, మొయి బల్ల దగ్గరకు పోయి, జేబులోంచి తీసిన కవరు ఇచ్చాడు. అందులో ఉన్నది తెల్ల కాగితం. దాని మీద ఒక్క అక్షరం లేదు. మొయి రాసేవాడు వేరొకడు, అయినా పద్ధతి పద్ధతే. "బావ నటరాజ్, మణవాళనగర్! కాగితం ఒకటి!" అని మైకు మోగింది. మూడేళ్ల కిందటి సంగతి తెలిసిన సగం పందిరి పగలబడి నవ్వింది.

ఆ తెల్ల కాగితాన్ని వాసుదేవ నాయుడు తేదీ వేసి ఫైలులో పెట్టాడు.

"ఏమీ రాయని కాగితాన్ని కూడా దాచే మొగుడు నాకే దొరికినాడు," అని చంద్రావతి కోడలు మనస్వితో చెప్పి నవ్వింది. మనస్వి తిరువళ్లూరులో ఒక ఆఫీసులో పనిచేస్తుంది, రోజూ రైల్లో పోయి వస్తుంది. మామగారి మాటలు విని నవ్వకుండా ఉండగలిగిన మొదటి మనిషి ఆ ఇంట్లో ఆమే. అందుచేత ఆయనకు ఆమెపట్ల గొప్ప గౌరవం.

మనసులో బాధ ఉన్నా, ఆ ఏళ్లలో వాసుదేవ నాయుడు దర్జాగానే బతికాడు. అప్పుల వాళ్లను చూసి సందులు మారిన వంశంలో పుట్టి, దేశానికే అప్పిచ్చిన పిల్లకు మేనమామ కావడం చిన్న విషయమా? ఆయన రోడ్డు మీద నడిచే తీరు మారింది. కొత్తగా వేసిన తారును చెప్పు కొనతో గీకి చూసేవాడు. రైల్వే ప్లాట్‌ఫారం మీద కుళాయి కారుతుంటే నిలబడి కట్టేవాడు, మా బిడ్డ డబ్బు కారిపోతోందని. వేమాపురం పొలిమేరలో కల్వర్టు కుంగితే, తిరువళ్లూరులో సంబంధించిన ఆఫీసుకు అర్జీ రాసుకుని స్వయంగా పోయాడు. కింద సంతకం దగ్గర, 'భారత ప్రభుత్వమునకు అప్పిచ్చిన యశశ్విని గారి మేనమామ' అని రాశాడు.

అక్కడి గుమాస్తా అర్జీ రెండుసార్లు చదివాడు. "ఈ యశశ్విని మేడం యాడుంటారు సార్?"

"మణవాళనగర్‌లో. మూడో తరగతి."

గుమాస్తా మర్యాదస్తుడు, నవ్వలేదు. కొంచెం ఆలోచించి అన్నాడు: "ఆ అప్పు సెంట్రల్‌ది సార్. ఈ కల్వర్టు స్టేట్‌ది."

ఇంకెవరైనా అయితే దానికి కోపగించుకుని వచ్చేసేవారు. జీవితంలో మొట్టమొదటిసారి వాసుదేవ నాయుడికి కోపం రాలేదు. మాట న్యాయంగా ఉంది. కేంద్రం చేసే అప్పు వేరు, రాష్ట్రం చేసే అప్పు వేరు. ఇంటికి వచ్చి చదివాడు. చదివి, ఉద్యోగ విరమణ డబ్బులో కొంత తీసి, మనస్వి కంప్యూటరు ముందు కూర్చుని సాయం చేయగా, తమిళనాడు ప్రభుత్వ బాండ్లు పదేళ్లకు కొన్నాడు. మర్నాటి రైలుకే అదే ఆఫీసుకు పోయాడు.

"ఇప్పుడు స్టేట్‌కూ ఇచ్చినాము. ఈ తూరి నేనే."

గుమాస్తా లేచి కుర్చీ వేశాడు. మరుసటి వేసవిలో కల్వర్టు బాగుపడింది. దానికీ అర్జీకీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఒక్క వాసుదేవ నాయుడికి తప్ప.

*

రెండువేల ఇరవై నాలుగు ఆగస్టులో బాండు గడువు తీరింది. ఆ రోజు ఆయన తెల్లపంచె కట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. డబ్బు పడేది ఆయన ఖాతాలో కాదు, పడిందో లేదో చెప్పే మనిషీ లేదు. ఆగలేక బ్యాంకుకు పోయి అడిగితే, వేరేవారి ఖాతా వివరాలు చెప్పకూడదని అక్కడి అమ్మాయి అంది. అది సరైన జవాబే. అయినా తిరిగి వచ్చేటప్పుడు ఆయన దోవలో కొత్త తారును కూడా గీకి చూడలేదు. ప్రభుత్వం మాట తప్పుతుందన్న భయం ఆయనకు లేదు. తప్పినా తప్పకపోయినా తనకు తెలియని చోట తాను నిలబడిపోయానన్నదే బాధ.

ఆ వారంలోనే మనస్వి ఇంకొక కబురు తెచ్చింది. "మామా, కాంచనత్త వాళ్లు మేడ ఇల్లు కట్టినారంట. ఆవణిలో గృహప్రవేశం."

కొత్తింట్లో పీటల మీద కూర్చునే ముందు దంపతులు కట్టుకోవలసినవి పుట్టింటి బట్టలు. పుట్టింట ఇంకెవరూ లేరు, అన్న ఒక్కడే. వాసుదేవ నాయుడు చూరు వైపు చూశాడు. చంద్రావతి లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచింది. పట్టు చీర, జరీ పంచె, పిల్లకు పావడా అందులో సిద్ధంగా ఉన్నాయి.

"ఎప్పుడు కొన్నావు?"

"పునాది వేసినారని విన్న రోజే."

"పిలుపు లేకుండా నేను పోను చంద్రా."

"నిన్నెవురు పొమ్మన్నారు? పెట్టెలో ఉండాయని చెప్పినా, అంతే."

పిలుపు రాకపోతే ఆ బట్టలు పెట్టెలోనే ఉండిపోతాయి. చెల్లెలు వేరొకరు తెచ్చిన చీర కట్టుకుని కొత్తింట్లో అడుగుపెడుతుంది. ఆ తర్వాత ఇక పిలవడానికి సందర్భం కూడా మిగలదు. ఆయన వయసు అరవై నాలుగు. ఆ వారమంతా ఆయన ఎవరినీ తిట్టలేదు, అందుకు ఇంట్లోవాళ్లు బెదిరిపోయారు.

ఆదివారం పొద్దున, పేపరు చదువుతుండగా, వీధిలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఏం, ఇంట్లో ఉండారా, రికార్డు రూములో ఉండారా?"

కళ్లజోడు నుదుటికెత్తుకుని బయటికొచ్చాడు. గడప అవతల కాంచన నిలబడి ఉంది. పక్కన ఆమె భుజందాకా ఎదిగిన పిల్ల.

"కాంచనా..."

"నాతో మాట్లాడొద్దు. వదినా, నీళ్లియ్యి."

చంద్రావతి నీళ్లూ కన్నీళ్లూ కలిపి తెచ్చింది. పిల్ల మాత్రం మేనమామను పైనుంచి కిందికి పరీక్షగా చూసి అడిగింది: "మీరేనా మామా, ఆరునెల్లకొక తూరి నాకు పండగ పంపించేది?"

"నేనా? నేనేం పంపినాను తల్లీ?"

"అమ్మ ఫోను టింగుమంటాది. మీ మామ పంపినాడు, పద అంటాది. రైలెక్కి తిరుత్తణికొస్తాం. కొండెక్కి అభిషేకం చూస్తాం. ఓటల్లో పూరీ తింటాం. నాకు ఏదన్నా ఒకటి కొనిస్తాది. మళ్లా కొండ మీంచి అద్దో ఆ తట్టు మీ మామ వాళ్ల ఊరు అని చూపిస్తాది."

కాంచన వాకిట్లో ఉన్న ముగ్గును చాలా శ్రద్ధగా చూస్తోంది.

వాసుదేవ నాయుడికి విషయం మెల్లగా అర్థమైంది. బాండు మీద ఆరునెలలకొకసారి పడే వడ్డీ, సుమారు వెయ్యి రూపాయలు. తాను ఏ ఇంటి గడప తొక్కకుండా ఉన్నాడో ఆ ఇంటికి తన పేరు చెప్పుకుని ఎనిమిదేళ్లుగా అది పోతూనే ఉంది. తాను ఊరకే కూర్చున్నప్పుడు కూడా ప్రభుత్వం తన తరఫున చెల్లెలికి సారె మోస్తూనే ఉంది. మనసు కరిగినప్పుడు ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. తిట్టడం మొదలుపెట్టాడు.

"అంటే ఆరునెల్లకొక తూరి తిరుత్తణిదాకా వచ్చి, కొండెక్కి మా ఊరు చూసి, ఇంటికి రాకుండానే పోయినావా? మనిషివేనా నువ్వు?"

"నువ్వు పిలిచినావా?"

"నేను పిలిచేదాకా రావద్దని అనింది నువ్వు గదా!"

"మా ఇంటికి నిన్ను రావద్దన్నా. మీ ఇంటికి నేను రానని యాడన్నా? ఒక్క మాట పిలిచింటే పరిగెత్తుకొచ్చేదాన్ని. నువ్వు పంపింది రిజిస్టరు పోస్టు!"

"దానికి నువ్వు సంతకం పెట్టినావు! కార్డు ఉంది నా కాడ!"

"ఉంటాది. నీ కాడ లేనిదేముంది? మా అత్త పారేసిన పాత చీపురుకు కూడా రసీదు ఉంటాది నీ కాడ!"

పిల్ల ముందుగా నవ్వింది. తర్వాత చంద్రావతి. ఆ తర్వాత ఇద్దరు మొండివాళ్లకూ నవ్వక తప్పలేదు. నవ్వుతూ కాంచన గడప దాటి అన్న భుజం మీద తల పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ ఆమె జడ సరిచేశాడు. అది ఇప్పటికీ వంకరగానే వచ్చింది.

"డబ్బు పడింది అన్నా," అంది ఆమె, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "చెప్పిన దినానికే. పెట్టింది రెండింతలు దాటింది. నేను రెండు తూర్లు చూసినా. మళ్లా పక్కింటామెను పిలిచి చూపించినా."

"చూసినావా! చెప్పినానా లేదా!" ఆయన కేక వీధిలోకి వినిపించింది.

"ఆ పండక్కి బిడ్డకొచ్చిన నగలన్నీ ఇల్లు కట్టేదానికి తాకట్టుకు పోయినాయి. ఇది కాగితం గదా, ఎవురి కన్నూ దీని మీద పడలేదు. నిన్న ఈయన ఫోన్లో చూసినాడు. మళ్లా, మీ అన్నను నేనే పిలవాలన్నాడు."

"యాడ మా బావ?"

కాంచన గడ్డం వీధి చివరికి చూపింది. టీ అంగడి దగ్గర ఆగిన ఆటోలో, ఒళ్లో తాంబూలం పళ్లెం పెట్టుకుని, తల వంచుకుని నటరాజ్ కూర్చున్నాడు. తెల్ల కాగితం చదివించిన మనిషికి ఈ గడప ఎక్కడం ఎంత కష్టమో ఆ వంచిన మెడే చెబుతోంది.

వాసుదేవ నాయుడు ఒక్క క్షణం లోపలి గది వైపు చూశాడు. చంద్రావతి దారికి అడ్డంగా నిలబడింది. "ఫైలు ముట్టుకుంటివంటే చూడు."

ఆయన వట్టి చేతులతో వీధిలోకి నడిచాడు. ఆయన వస్తుంటే నటరాజ్ పళ్లెంతో సహా ఆటోలోంచి దిగబోయి, తల తగిలించుకున్నాడు.

"బావా... ఆ పొద్దు ఏదో ఎగతాళికి..."

"ఎగతాళి బాగానే ఉండె బావా," అన్నాడు వాసుదేవ నాయుడు. "నేను కూడా నవ్వినాను. మూడో రోజు."

నటరాజ్ నడివీధిలోనే పళ్లెం ముందుకు చాచాడు. "గృహప్రవేశం. మీరూ అక్కా రావాల. మీరు రాకపోతే కాంచన పీట మీద కూర్చోనంటా ఉంది. నేనైనా యాడ కూర్చుంటాను?"

"ఇంట్లోకొచ్చి పిలువు. వీధిలో తీసుకుంటే మీ అక్క నన్ను ఉంచదు."

గడప దగ్గర చంద్రావతి కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి పోయింది. కాళ్లు కడుక్కుంటూ నటరాజ్ మెల్లగా అడిగాడు: "పిల్ల డబ్బు టైల్సుకు వాడుకుందామంటే కాంచన చెయ్యి వేయనీలేదు బావా. ఇప్పుడు దాన్ని యాడ పెట్టేది?"

డబ్బు సంగతిలో వాసుదేవ నాయుడిని ఒకరు సలహా అడగడం అదే మొదలు. ఆయన ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"అన్నం తిన్నాక!" అని లోపలినుంచి చంద్రావతి, కాంచన, మనస్వి ముగ్గురూ ఒకేసారి అరిచారు.

*

గృహప్రవేశం నాటికి వాన వెలిసి మణవాళనగర్ కడిగినట్టుంది. వాసుదేవ నాయుడు ముందు నడిచాడు. వెనక చంద్రావతి, మనస్వి, హర్షవర్ధన్ పళ్లేలు పట్టుకుని వచ్చారు. పాలు పొంగాయి. పట్టు చీర కట్టుకుని కాంచన పీట మీద కూర్చుంది. ఆమె ముఖంలో ఉన్న వెలుగు ముందు హోమం దీపమాత్రంగా కనిపించింది. తాయమ్మకు ఎనభై దాటాయి, నాలుక మాత్రం పడుచుగానే ఉంది.

"ఏం నాయుడా, ఇన్నేండ్లు యాడ పోయినావు? నీ మాదిరి తిట్టేవాళ్లు లేక ఈ ఇల్లు ఎంత సప్పగా ఉండిందో!"

"మీరు ఉండంగా సప్పన ఎట్లొస్తాది అత్తా?"

"ఇద్దో, ఈ ముసలిదానికి కూడా ఆ కాగితం ఒకటి ఇప్పించు. ఎనిమిదేండ్లంటే నేను ఉంటాను, భయపడద్దు."

అప్పటికే ఆయన గోడల తడీ, మెట్ల ఎత్తూ పరీక్షించి, మేస్త్రీని నిలబెట్టి నాలుగు తప్పులు చూపించి ఉన్నాడు. ఇంత ఆనందంగా ఆయన ఎవరినీ తిట్టి ఎరుగడు. ఆ మేస్త్రీకి కూడా అది తిట్టుగా తోచక, తాంబూలం తీసుకుని నమస్కారం పెట్టి పోయాడు.

ఎండ పడుతున్న మేడ మీద యశశ్విని ఆయన పక్కన చేరింది. రైల్వే గేటు, దానవతల కడుతున్న వంతెన అక్కడినుంచి కనిపిస్తున్నాయి.

"మామా, సర్కారుకు ఇంగా డబ్బు కావాల్నా?"

"ఎప్పుడూ కావాల్నే తల్లీ. రోడ్లేసేదానికి, బళ్లు కట్టేదానికి. అయితే ఆ బంగారు బాండ్లు కొత్తవి ఇప్పుడు అమ్మడం లేదు. మామూలు బాండ్లుండాయి. పదేండ్లవి."

"అయితే మళ్లా ఇద్దాం. కానీ ఈ తూరి దాంతో ఏం కడతారో నేను పోయి చూడాల. సరిగ్గా లేకుంటే అడగాల."

వాసుదేవ నాయుడి రక్తంలో ఉన్నదేదో ఈ పిల్ల దాకా దిగిందని ఇప్పుడు రుజువైంది.

పిల్ల వేళ్లు మడిచి లెక్కవేసింది. "పదేండ్లంటే నాకు ఇరవై ఒకటి. మీకు?"

"డెబ్బై నాలుగు."

"అప్పుడు మీరే నన్ను బ్యాంకుకు పిల్చుకుపోవాల. అమ్మకు ఫారాలు రావు."

"నువ్వు నాకు పదేండ్ల పని పెట్టినాక నేను యాడికి పోతాను?" అన్నాడాయన. ఆ మాటకు బలం సరిపోలేదనిపించి, కేంద్రం చేసే అప్పుకూ రాష్ట్రం చేసే అప్పుకూ ఉన్న తేడాను మొదటినుంచి వివరించడానికి గొంతు సవరించుకున్నాడు. పిల్ల చేతులు కట్టుకుని శ్రద్ధగా నిలబడింది.

కిందినుంచి కాంచన గొంతు మెట్ల గుండా ఎగిసి వచ్చింది, ఇల్లంతా, వీధంతా వినేలా: "అన్నా! ఆకులేసినారు, రా!"

కేంద్ర ప్రభుత్వం అన్న మాట దగ్గరే ఉపన్యాసం ఆగిపోయింది. పిల్ల చేయి పట్టుకుని ఆయన రెండేసి మెట్లు దిగాడు. రెండోసారి పిలిపించుకోలేదు.